డెట్రాయిట్ ప్లేటు

రెంటచింతల చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళివారింటి మైకు ఆగిందంటే పెళ్ళి ఆగిందనే అర్థం. పందిరి వేసిన పూట మైకు గొట్టంలో పాట మొదలైతే, పెళ్ళికూతురు అత్తవారి బండెక్కేదాకా అది నడుస్తూనే ఉండాలి. ఆ పాటను పనిగట్టుకుని ఎవరూ వినరు. మిరపచేలో కట్టె పీకేవాడు పీకుతూనే ఉంటాడు, రోడ్డు మీద పోయేవాడు పోతూనే ఉంటాడు. ఆగితే మాత్రం అందరూ వింటారు. "ఏందిరా, మైకు కట్టేశారు? ఎవరన్నా పోయారా? పీటల మీద గొడవా?" అని పని వదిలి ఆ దిక్కుకు తిరుగుతారు.

ఇమాం సాహెబు మైకు సెట్టు కొన్ననాటి నుంచి ఆయన ఒప్పుకున్న ఏ పెళ్ళిలోనూ అది ఆగలేదు. ఆ సంగతి ఆయన చెప్పుకోడు, ఊళ్ళవాళ్ళే చెబుతారు. టేపు రికార్డర్లు వచ్చి, కొత్తగా మైకు పెట్టినవాళ్ళంతా క్యాసెట్లు వాడుతున్నా ఆయన మాత్రం గ్రామఫోను ప్లేట్లు వదల్లేదు. "టేపు ఎప్పుడు నమిలేస్తుందో దానికే తెలవదు. ప్లేటు గీరుకుపోతే గీరుకుపోయిందని కంటికి కనపడుద్ది" అంటాడు.

ఆ ఏడు వేసవిలో ఇమాం సాహెబు ఒక పెళ్ళివారి వేపచెట్టు మీద గొట్టం కడుతూ కాలు జారి కిందపడ్డాడు. పిండికట్టు వేశారు. తుమ్మలపాలెం వెంకట్రామయ్య కూతురి పెళ్ళి అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. ఆ పని కొడుకు మక్బూల్ మీద పడింది.

మక్బూల్ ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు. నరసరావుపేటలో బీఎస్సీ చదివి, దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో గుమస్తాగా చేరాడు. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట తిరిగినవాడే, సెట్టు సంగతులు తెలుసు. కానీ ఒంటరిగా ఒక పెళ్ళి నడిపింది లేదు.

"చెట్టెక్కి చానా ఏళ్ళయింది అబ్బా" అన్నాడు తండ్రితో, వైర్లు చుట్టుకుంటూ.

వాళ్ళమ్మ మాబున్నీసా వంటింట్లోంచి అందుకుంది. "డిగ్రీ కాయితం గోడకి కట్టించాంగా. ఆ చేత్తోనే గొట్టం చెట్టుకి కట్టు. చదువుకున్నోళ్ళు చెట్టెక్కకూడదని ఏ పుస్తకంలో రాశారు?"

ఇమాం సాహెబు మంచం మీద నుంచి తలెత్తి చూశాడు. "పెట్టె నీడన పెట్టు. ముల్లు చూసుకుంటుండు. ఎవరు ఏ పాట అడిగినా లేదనకు, తర్వాత వేస్తానను. మైకు మాత్రం ఆగనీయమాక. ఆ ఇంట్లో అసలే ఆగకూడదు."

ఆ ఇంట్లో ఎందుకు ఆగకూడదో మక్బూల్‌కి వేరే చెప్పక్కర్లేదు. వెంకట్రామయ్యా, నూజెండ్ల వైపు ఆంజనేయులూ దగ్గర చుట్టాలు. మొన్నటి మండలం ఎన్నికల్లో చెరో పక్క చేరి, మాటా మాటా అనుకుని, గురజాల కోర్టు దాకా పోయారు. పెద్దమనుషులు ఎన్నో తిరుగుళ్ళు తిరిగి ఆ కేసు రాజీ చేయించి, వెంకట్రామయ్య కూతుర్ని ఆంజనేయులు కొడుక్కి ఖాయం చేశారు. ఖాయమైందన్న మాటేగాని ఆ ఇద్దరూ ఇప్పటికీ ఎదురుపడితే మూడోమనిషి వైపు చూసి మాట్లాడుకుంటున్నారు. ఇలాంటి పెళ్ళిలో మైకు నోరు మూసుకుంటే మగపెళ్ళివాళ్ళు దానికి ఏ అర్థమైనా తీయగలరు.

ప్లేట్ల ట్రంకుపెట్టె, ఆంప్లిఫయరు, బ్యాటరీ ట్రాక్టరెక్కాయి. మక్బూల్ భుజాన పెద్ద గుడ్డసంచి తగిలించుకున్నాడు. అందులో టవలు, అన్నం గిన్నె, వాటితో పాటు లుంగీలో జాగ్రత్తగా చుట్టిన ఒక ప్లేటు ఉంది. అది ఇమాం సాహెబుది కాదు. రేమండ్‌ది.

రేమండ్ అమెరికావాడు. ఫ్యాక్టరీలో కొత్త క్రషర్ బిగించడానికి ఆ మిషను అమ్మిన కంపెనీ పంపిన పెద్ద ఫిట్టరు. నల్లని మనిషి, భారీ మనిషి, ఎండలో నిలబడి ముక్కుపొడి పీల్చినంత తేలికగా సున్నపురాయి దుమ్ము పీల్చేవాడు. టైమ్ ఆఫీసులో ఫ్యాను కింద కాసేపు కూర్చోవడానికి వచ్చి మక్బూల్‌తో మాటలు కలిపాడు. మొదట్లో మక్బూల్‌కి ఆయన ఇంగ్లీషు సగం అందేది కాదు. మక్బూల్ ఇంగ్లీషు ఆయనకు మొత్తం అందేది. అదెలాగో మక్బూల్‌కి ఆశ్చర్యం.

మీ ఊళ్ళో ఏం చేస్తారని మక్బూల్ ఒకసారి అడిగితే రేమండ్ చెప్పాడు. వాళ్ళది డెట్రాయిట్. ఇక్కడ సిమెంటు ఎలాగో అక్కడ కార్లు అలాగ. ఆయనా ఆయన అన్నా కార్ల ఫ్యాక్టరీలోనే పెరిగి పెద్దయినవాళ్ళు. ఇప్పుడు ఒక్కో ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. మనుషులు చేసే పని మిషన్లు చేస్తున్నాయి. అన్న కొడుకు డారిల్‌కి అందులో ఉద్యోగం దొరకలేదు. వాడు చేసిన పనల్లా, ఎవరో అమ్ముకుంటున్న పాత మిషనొకటి కొనుక్కోవడం. అది డోలు లేకుండా డోలు మోత మోగిస్తుంది. ఇంటి కింద గదిలో అదీ, ఇంకో కీబోర్డూ పెట్టుకుని పగలూ రాత్రీ ఏదో చేస్తున్నాడు. వాడొక్కడే కాదు, ఆ ఊళ్ళో వాడిలాంటి నల్లకుర్రాళ్ళు చాలామంది ఇదే పనిలో ఉన్నారు. దాన్ని టెక్నో అంటున్నారు. సొంతంగా ప్లేట్లు కూడా వేయించుకుంటున్నారు.

"పాడేదెవరు?" అని అడిగాడు మక్బూల్.

నేనూ అదే అడిగాను, ఎవరూ పాడరట, అని పెద్దగా నవ్వాడు రేమండ్.

డారిల్ వేయించిన మొదటి ప్లేటు పోస్టులో దాచేపల్లి దాకా వచ్చింది. నల్లటి ప్లేటు, నడుమ తెల్ల కాగితం, దాని మీద పెన్నుతో డారిల్ అని పేరు. ఇంకేం లేదు, బొమ్మా లేదు. డారిల్ తండ్రి అది వినడానికి ఒప్పుకోలేదట. పని దొరకనివాడి ఆటలు అన్నాడట. నువ్వన్నా విను బాబాయ్, విని నిజం చెప్పు, అని కుర్రాడు రాశాడు. వింటానని రేమండ్ మాటిచ్చాడు. తీరా చూస్తే ఫ్యాక్టరీ గెస్ట్ హౌసులో టేపు రికార్డరే ఉంది. ప్లేటు తిప్పే మిషను ఆ చుట్టుపక్కల ఇమాం సాహెబు దగ్గర తప్ప లేదు. పెళ్ళి అయిపోగానే మా ఇంటికి రండి, మా నాన్న మిషను మీద వేసి వినిపిస్తాను అన్నాడు మక్బూల్. పెళ్ళికీ పిలిచాడు. రేమండ్ సాయంత్రం డ్యూటీ దిగాక జీపులో వస్తానన్నాడు. ప్లేటు మాత్రం ముందే మక్బూల్ చేతిలో పెట్టాడు. "నా గదిలో ఎండ కొడుతుంది. నీ దగ్గరైతే భద్రం" అన్నాడు. అందుకే మక్బూల్ దాన్ని ఇంట్లో వదలకుండా వెంట పెట్టుకున్నాడు.

తుమ్మలపాలెంలో గొట్టం వేపచెట్టుకి బాగానే కట్టాడు మక్బూల్. పొద్దున్నుంచి పాటలు సాగుతున్నాయి. ట్రంకుపెట్టెను నీడలోనే, పందిరి కింద గోడవారగా పెట్టాడు. గుడ్డసంచి గుంజకి తగిలించాడు. మధ్యాహ్నానికి మగపెళ్ళివాళ్ళ బస్సు వచ్చి ఊరి బయట బడి దగ్గర ఆగింది. వాళ్ళకి విడిది అక్కడే. మజ్జిగ ఆలస్యమైందని ఆంజనేయులు మొహం ముడుచుకున్నాడని కబురొచ్చింది. దానికి వెంకట్రామయ్య, "ఆయన మొహం ఎప్పుడు విప్పాడు గనక ఇప్పుడు ముడవడానికి!" అన్నాడు. ఆ మాట బడి దాకా పోకుండా ఆడవాళ్ళు అక్కడికక్కడే తొక్కిపెట్టారు.

పొద్దు కొంచెం వాలింది. ఇంకాసేపటికి మేళంతో వెళ్ళి మగపెళ్ళివాళ్ళని ఎదుర్కొని తీసుకురావాలి. మక్బూల్ భోజనాల హడావిడిలో అటూ ఇటూ తిప్పి వేస్తూ వచ్చిన ప్లేటు తీసి, అట్టలో పెట్టి, కుర్చీ మీద ఉంచి, ఇంకోటి తీసుకుందామని గోడవైపు తిరిగాడు.

పెట్టె లేదు.

"ఇక్కడ ట్రంకుపెట్టె ఎవరు తీశారు?" అని కేకేశాడు.

"నేనే తీయించా, ఏం?" అంది రాఘవమ్మ. ఆమె వెంకట్రామయ్య తల్లి, ఆ ఇంటికి పెద్దది. "పిల్లదాంతో సారెలో పంపాల్సిన సగ్గుబియ్యం వడియాలు ఇంకా పచ్చిగా ఉండాయి. మంచం మీద పెడితే పిల్లకాయలు తొక్కుతున్నారు. నీ పెట్టె చూస్తే నున్నగా, ఎత్తుగా ఉంది. పెరట్లో ఎండలో పెట్టించి దాని మీద చీర పరిచి వడియాలు పోశా. గలగలా ఎండాయిలే."

మక్బూల్ పెరట్లోకి పరిగెత్తాడు. రోహిణీకార్తె ఎండ. రేకుపెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. చీర కొసలు పట్టుకుని వడియాలు పక్కకి దించి మూత తీశాడు. లోపల ఉన్న ప్లేట్లన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా లేచాయి. ఒకటి గిన్నెలా గుంటపడింది. ఒకటి అంచు వెంట అలలు తేలింది. ఒకదాన్ని ఒకటి కరుచుకుని కూర్చున్నాయి. పైది ఒకటి విడదీసి అటూ ఇటూ తిప్పాడు. ముల్లు నిలిచే చోటు దాని మీద ఎక్కడా లేదు.

"అయ్యో, ఇంత మెత్తటి సరుకని నాకేం తెలుసురా అబ్బాయ్!" అంది వెనకే వచ్చిన రాఘవమ్మ. "ఇనుప పెట్టెలో పెడితే ఇనప సామానే అనుకున్నా."

కుర్చీ మీద పెట్టిన ప్లేటు గుర్తొచ్చింది మక్బూల్‌కి. అదొక్కటి బాగుంది. దాన్నే తిప్పితిప్పి వేయొచ్చు. గుండె కుదుటపడి పందిట్లోకి వచ్చేసరికి ఆ కుర్చీలో వెంకట్రామయ్య కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, లే! లే!"

వెంకట్రామయ్య లేచాడు. అట్టలో ప్లేటు రెండు ముక్కలై ఉంది.

"కుర్చీలో పెడతారంట్రా ఎవరన్నా? కుర్చీ కూర్చోటానికి" అన్నాడు వెంకట్రామయ్య. అన్నాక చుట్టూ చూశాడు. "మైకు ఏందిరా ఆగింది?"

అప్పుడు విన్నారు అందరూ. బావి దగ్గర బిందె చప్పుడు వినపడుతోంది. గాడిపొయ్యి దగ్గర గరిటె చప్పుడు వినపడుతోంది. పక్కింటి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వీధి చివర ఒకాయన సైకిలాపి, దిగకుండా కాలు కింద ఆనించి, చూస్తున్నాడు.

బడి వైపు నుంచి మస్తాన్‌రావు లూనా మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. అతను సంబంధం కుదిర్చిన పెద్దమనుషుల్లో ఒకడు. "వెంకట్రామయ్యా, ఏం జరిగింది? ఆంజనేయులు లేచి నిలబడ్డాడు. మేం వచ్చి మజ్జిగ అడిగినందుకు మైకు కట్టేశారా, మమ్మల్ని పొమ్మని చెప్పడం ఇదా అంటన్నాడు. బస్సు డ్రైవర్ని లేపమన్నాడు."

"వాణ్ణి పొమ్మని నేననలా!" అని వెంకట్రామయ్య గొంతు పెంచాడు. "అబ్బాయ్, పాట లేకపోతే పాయె, ఆ మైకు ఇటియ్యి. రెండు మాటలు నేను మాట్లాడతా."

పందిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే వద్దన్నారు. అతని రెండు మాటలు ఎలా ఉంటాయో ఎన్నికలప్పుడు అందరూ విన్నారు.

"నువ్వు మాట్లాడితే బస్సు నూజెండ్ల పోవటం కాదురా, పెళ్ళికొడుకుని కూడా వదిలేసి పోద్ది" అంది రాఘవమ్మ. మక్బూల్ చెయ్యి పట్టుకుంది. ఇందాకటి దబాయింపు ఆ గొంతులో లేదు. "ఏదో ఒకటి వెయ్యరా నాయనా. ఏదైనా సరే. నావల్ల నా మనవరాలి పెళ్ళి చెడిందనిపించమాక."

మక్బూల్ గుంజకి వేలాడుతున్న గుడ్డసంచి వైపు చూశాడు.

అది ఒకరు నమ్మి అప్పజెప్పిన వస్తువు. దాని సొంతదారు ఇంకా వినలేదు. ఇమాం సాహెబు మిషను ముల్లు బరువైంది, కొత్త ప్లేటుకి గీత పడ్డా పడుతుంది. పైగా అందులో ఏముందో తనకీ తెలియదు. అప్పగించిన వస్తువు ముట్టుకోకూడదని నేర్పింది వాళ్ళ నాన్నే. మైకు ఆగకూడదని చెప్పిందీ ఆయనే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తే ఏం చేయాలో ఆయన చెప్పలేదు.

మస్తాన్‌రావు లూనా ఇంజను ఆపకుండా చూస్తున్నాడు. మక్బూల్ సంచి దించాడు. లుంగీ విప్పి ప్లేటు తీసి, చొక్కా అంచుతో ముల్లు తుడిచాడు. మిషను మీద వేగం మార్చే పుల్ల ఉంటుంది. చిన్న ప్లేటుకి నిమిషానికి నలభై ఐదు చుట్లు, పెద్ద ప్లేటుకి ముప్పై మూడు. అది చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన లెక్క. ఇది పెద్ద ప్లేటు. పుల్ల ముప్పై మూడు మీద పెట్టి ముల్లు దించాడు.

గొట్టంలోంచి మొదట చిన్న గరగర వచ్చింది. ఆ తర్వాత దబ్‌మని ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. ఎడం తప్పకుండా దెబ్బ మీద దెబ్బ, ఎవరో పెద్ద రోకలితో తాపీగా దంచుతున్నట్టు. ఆ రోకటిపోటుకీ పోటుకీ మధ్య రేకు మీద గోటితో గీరినట్టు చిస్సు, చిస్సు. చాలాసేపు అంతే. వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి.

"ఇదేందిరా, పిండిమర పెట్టావా?" అన్నాడు వెంకట్రామయ్య.

"పాట ఎప్పుడు మొదలవుద్ది?" అంది రాఘవమ్మ.

"ఇదే పాట అమ్మమ్మా. అమెరికా ప్లేటు, మా ఫ్యాక్టరీకి వచ్చినాయనది. సాయంత్రం జీపులో ఇక్కడికే వస్తాడు."

"పాడేవోడేడి?"

"ఎవరూ పాడరంట."

"ఏం, జీతం ఎగ్గొట్టారా?"

మక్బూల్‌కి అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఇంతలో ఆ దంపుడు కింద నుంచి ఇంకో మోత మెల్లగా పైకి లేచింది. బావిలోకి వంగి కూత వేస్తే తిరిగొచ్చే గొంతులా నిండుగా, సాగుతూ వచ్చింది. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళు లోపలికి పోవడం మొదలుపెట్టారు. సైకిలాయన పెడలు తొక్కాడు. పాట ఏదైతేనేం, మైకు నడుస్తోంది. మస్తాన్‌రావు లూనా తిప్పుకుని బడి వైపు పోయాడు.

వీధి మొదట్లో మేళం కోసం వచ్చిన డప్పులవాళ్ళు తాటాకుల మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. వాళ్ళ పెద్ద జక్రయ్య. చేతిలో డప్పు మంటకి చూపిస్తూనే అతను తల పక్కకి వంచాడు. కాసేపు గొట్టం వైపే చెవి పెట్టాడు. "ఎవడో గానీ చెయ్యి తొణకటం లేదురా" అన్నాడు తనవాళ్ళతో. పుల్లతో డప్పు అంచు మీద ఒకసారి, రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. మూడోసారికి గొట్టంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీలో జక్రయ్య పుల్ల దూరింది. మిగతావాళ్ళు అందుకున్నారు. గొట్టం తాపీగా అడుగులు వేస్తుంటే డప్పులు దాని చుట్టూ గంతులేశాయి.

"పదండి, పదండి, ఊపు తగ్గకముందే ఎదురు పోదాం" అని ఎవరో కేకేశారు. పసుపు కుంకాలూ, పానకం బిందెలూ లేచాయి. మక్బూల్ ప్లేటు దగ్గరే ఉండిపోయాడు. ఒక వైపు అయిపోగానే చటుక్కున తిప్పి రెండో వైపు వేశాడు. అదీ అలాంటిదే, కాకపోతే ఇంకా చిక్కగా ఉంది.

బడి దగ్గర జరిగింది ఆ తర్వాత పదిమంది పదిరకాలుగా చెప్పారు. అందరూ ఒప్పుకున్నది ఇదీ. ఆంజనేయులు బస్సు మెట్టు మీద ఒక కాలు వేసి ఉన్నాడు. డప్పులు దగ్గరికొచ్చాయి. ఆయన పక్కవాళ్ళని, "ఏందిరా ఆ మోత, మన వైపు ఏ పెళ్ళిలోనూ వినలేదే!" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరో ఒకరి వైపు చూసి మాట్లాడే వెంకట్రామయ్య ఈసారి నేరుగా ఆయన మొహంలోకే చూశాడు.

"అమెరికా నుంచి తెప్పించాం బావా. మీరొస్తున్నారని."

బావా అన్న మాట కోర్టు తర్వాత అదే మొదలు. ఆంజనేయులు మెట్టు మీది కాలు కిందికి దించాడు. "అమెరికా నుంచా? కోతలు కొయ్యమాక బావా" అన్నాడు. ఆయన నోట కూడా ఆ మాట వచ్చేసింది.

"కోతలైతే ఆ జీపులో వస్తున్నాయన్ని అడుగు."

నిజంగానే ఫ్యాక్టరీ జీపు అప్పుడే మలుపు తిరిగింది. డ్రైవరు పక్కన రేమండ్ ఉన్నాడు. గుంపు అడ్డంగా ఉండటంతో జీపు ఆగింది. రేమండ్ దిగాడు. అక్కడే, రోడ్డు నడుమ, గొట్టం మోత వింటూ కదలకుండా నిలబడిపోయాడు. రాఘవమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయన అమెరికా ఏందే? మన నూజెండ్ల వైపు మనిషిలాగే ఉంటే!" అంది. ఆంజనేయులు మాత్రం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, మెళ్ళో పూలదండ వేశాడు. ఎందుకు వేశారో రేమండ్‌కి తెలియదు. దండతోనే గుంపుతో పాటు నడిచి పందిట్లోకి వచ్చాడు.

ఆయన్ని చూడగానే మక్బూల్ లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా కూర్చుకున్న ఇంగ్లీషు మాటలన్నీ ఎటో పోయాయి. "నన్ను క్షమించాలి. మీరు వినకముందే వేశాను. నా ప్లేట్లన్నీ పాడైపోయాయి. మైకు ఆగితే పెళ్ళి ఆగేది" అన్నాడు. అన్నది మొత్తం తెలుగులోనే అన్నాడు. గాభరాలో ఆ సంగతి తెలియలేదు.

రేమండ్ తిరుగుతున్న ప్లేటు వైపు చూశాడు. పుల్ల వైపు చూశాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. ముందు ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు మక్బూల్. కాదు, నవ్వు.

పెట్టిన వేగం తప్పు అని చెప్పాడు ఆయన. ఇది పెద్ద ప్లేటే గాని తిరగాల్సింది నలభై ఐదులో. నాట్యమాడే చోట్ల కోసం వేసే ప్లేట్లు ఇలాగే ఉంటాయట. ఒక్క పాటని పెద్ద ప్లేటంతా పరిస్తే గాట్లు వెడల్పుగా పడి మోత గట్టిగా వస్తుందట.

మక్బూల్ గబుక్కున ముందుకు వంగాడు. చెయ్యి పుల్ల మీదికి పోయింది. రేమండ్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. బయట జక్రయ్య బృందం ఇంకా వాయిస్తోంది. పెళ్ళికొడుకు మేనమామలు తువ్వాళ్ళు గాల్లో తిప్పుతూ ఎగురుతున్నారు. ఆంజనేయులు ఎగరడం లేదుగాని చెప్పు మడమ నేలకేసి తడుతున్నాడు. ఉండనీ, ఇది పూర్తికానీ, అన్నాడు రేమండ్. కుర్చీ లాక్కుని, ముందు దాని మీద ఏమీ లేదని చూసుకుని కూర్చున్నాడు. దండ మెళ్ళో ఉండగానే, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, చివరిదాకా విన్నాడు.

మగపెళ్ళివాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక మక్బూల్ దాన్ని నలభై ఐదులో పెట్టాడు. రోకలి దంపుడు కాస్తా పరుగందుకుంది. జక్రయ్య డప్పు సర్దుకుని ప్రయత్నించాడు. రెండు మూడుసార్లు అందుకున్నాడు కూడా. చివరికి నుదురు తుడుచుకుంటూ వచ్చి, "మక్బూలూ, ఇది బస్సు వెనకాల పరిగెత్తేవాడి పాట. ఇందాకటిది పెళ్ళికి నడిచేవాడి పాట. పెళ్ళికూతురు బండెక్కేటప్పుడు ఇందాకటిదే పెట్టు" అన్నాడు. మక్బూల్ ఆ మాట రేమండ్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. రేమండ్ రెండోసారి చెప్పించుకుని విన్నాడు. ఇది డారిల్‌కి ఉన్నదున్నట్టు చెబుతాను, వాళ్ళ నాన్నకి కూడా చెబుతాను, అన్నాడు. మీకెలా ఉంది అని అడిగాడు మక్బూల్. మా అన్నా నేనూ పనిచేసిన షెడ్డు వినపడింది, అన్నాడు ఆయన. రాఘవమ్మ ఆకులో వేసిన వడియం తీసి కొరికాడు. కరకరలాడింది.

ఆ రోజు చీకటి పడే వేళకి మస్తాన్‌రావు పక్క ఊరి నుంచి ఒక టేపు రికార్డరూ, నాలుగు క్యాసెట్లూ తెచ్చిపెట్టాడు. తెల్లవార్లూ మైకు నడిచింది. టేపు ఒకసారి నమిలింది. అప్పుడు మళ్ళీ డారిలే ఆదుకున్నాడు. మర్నాడు పెళ్ళికూతురు బండెక్కేటప్పుడు జక్రయ్య అడిగినట్టే ముప్పై మూడులో పెట్టాడు మక్బూల్. పెళ్ళికూతురు ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో చెవి రిక్కించి, "నాయనమ్మా, ఇదేం పాటే?" అని అడిగింది. "నీ పెళ్ళి పాటేనే, ఎక్కు" అంది రాఘవమ్మ.

మక్బూల్ ఇంటికి వచ్చేసరికి ఇమాం సాహెబు మంచం వసారాలోకి లాగించుకుని కూర్చుని ఉన్నాడు. తుమ్మలపాలెం గొట్టం గాలివాటున ఆ ఇంటికి వినపడుతుంది. మక్బూల్ ట్రంకుపెట్టె దించి, ఏమీ దాచకుండా మూత తీసి ముందు పెట్టాడు. ఇమాం సాహెబు ఒక్కో ప్లేటూ తీసి వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాడు. గిన్నెలా గుంటపడ్డదాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఆయన సెట్టు కొన్న రోజు కొన్న ప్లేటు.

"నిన్న పొద్దువాలాక ఆగింది" అన్నాడు.

"ఆగింది అబ్బా."

"లేవబోయా. కాలు లేవలా. మీ అమ్మని కేకేశా." ఒళ్ళో ప్లేటు అంచు వేలితో తడిమాడు. "తర్వాత ఏదో వచ్చింది. ముందు పక్కింట్లో పిండి దంచుతున్నారనుకున్నా."

మక్బూల్ అంతా చెప్పాడు. రేమండ్ ప్లేటు సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. "అప్పజెప్పిన వస్తువు అబ్బా. అడక్కుండా వాడాను."

"గీత పడిందా?"

"ఒకటి పడింది. ఆయనకు చూపించా. పర్లేదన్నాడు. తీరిగ్గా కూర్చుని మళ్ళీ వినాలని ఆదివారం మనింటికి వస్తానన్నాడు."

"అయితే కోడి చూడు" అని భార్యకి కేకేశాడు ఇమాం సాహెబు. తర్వాత మళ్ళీ కొడుకు వైపు తిరిగాడు. "ఆంజనేయులూ వెంకట్రామయ్యా మాట్లాడుకున్నారా?"

"బావా అంటే బావా అనుకున్నారు. ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు."

ఇమాం సాహెబు తలాడించాడు. పెరట్లో గోడకి ఆనించిన నాపరాళ్ళు చూపించాడు. మాచర్ల నుంచి స్నానాల గదికి పరవడానికి తెప్పించినవి, కాలు విరగడంతో పని ఆగిపోయింది. "రెండు బండలు నున్నటివి చూసి తీసుకురా. మధ్యలో గుడ్డ పరిచి ఒక్కో ప్లేటూ పెట్టు. ఎండ తగిలీతగలని చోట ఉంచు. వంగినంత తేలిగ్గా సాఫు కావు, కొన్ని అవుతాయి. కొంచెం ఊగుతూ పాడతాయి, పాడనీ."

మక్బూల్ చొక్కా విప్పి పెరట్లోకి దిగాడు. మాబున్నీసా సంచిలో మూట చూసి, "ఇదేందిరా?" అంది.

"రాఘవమ్మ అమ్మమ్మ పంపింది. మన పెట్టె మీద ఎండినవి."

ఆమె మూట విప్పి ఒక వడియం విరిచి చూసింది. పొయ్యి మీద మూకుడు పెట్టింది. బండ మీద బండ ఎత్తుతున్న మక్బూల్ తనకు తెలియకుండానే జక్రయ్య డప్పు దరువు నోటితో వేస్తున్నాడు. మంచం మీద ఇమాం సాహెబు పిండికట్టు కాలు కదపకుండా, రెండో కాలి బొటనవేలితో మంచంకోడు తాకిస్తూ, "కాస్త నిదానంగా వెయ్యరా. నిన్న గొట్టంలో ఇంత తొందర లేదు" అన్నాడు.